2004 డిఫెండర్ 90: ఎంఓటీ చరిత్ర చూసి కొనొచ్చో లేదో చెప్పండి

లెస్టర్_కాకినాడ · శనివారం ఉదయం 7:40

అందరికీ నమస్కారం. నాలుగేళ్లుగా ఇక్కడ మీరు రాసేవి చదవడమే కానీ నేనెప్పుడూ రాసింది లేదు. ఇప్పుడు అవసరం పడింది కాబట్టి వచ్చాను.

ల్యాండ్ రోవర్ డిఫెండర్ 90, 2004 మే రిజిస్ట్రేషన్, టీడీ5 డీజిల్. డెర్బీ దగ్గర ఒక పల్లెలో ఉంది. 12,500 పౌండ్లు అడుగుతున్నారు. ఫోటోల్లో నిగనిగలాడుతోంది. కింద కూడా ఫోటో తీసి పెట్టారు, కొత్తగా తారు వేసిన రోడ్డులా నల్లగా ఉంది. మా ఆవిడకి ఈ బండంటే అస్సలు పడదు. "వర్షం వస్తే లోపల తడుస్తామట కదా" అంటోంది. అయినా చిన్నప్పటి నుంచి ఉన్న పిచ్చి, ఏం చేస్తాం.

గవర్నమెంట్ సైట్‌లో నంబర్ కొట్టి చూస్తే వచ్చిన ఎంఓటీ (ఇక్కడ బ్రిటన్‌లో బండికి ఏటా చేయించాల్సిన తప్పనిసరి తనిఖీ) చరిత్ర ఇది:

2007 మే: పాస్, 31,204 మైళ్లు
2008–2013: అన్నీ పాస్. టైర్లు, బల్బులు, వైపర్లు లాంటివే
2014 మే: పాస్, 88,310. అడ్వైజరీ: వెనక క్రాస్‌మెంబర్‌కి పైపై తుప్పు
2015 మే: పాస్. అడ్వైజరీ: పైదే, ఎడమ ఔట్‌రిగ్గర్‌కి కూడా తుప్పు
2016 మే: ఫెయిల్, వెనక బ్రేక్ పైపు తుప్పు పట్టింది. అదే రోజు పాస్
2017 మే: పాస్, 1,05,020. అడ్వైజరీ: క్రాస్‌మెంబర్, రెండు ఔట్‌రిగ్గర్లు, ఛాసిస్ తుప్పు
2018 మే 11: పాస్, 1,06,115. అడ్వైజరీలు లేవు
2019 మే: పాస్, 1,07,002. లేవు
2020 నవంబర్: పాస్, 1,07,690. లేవు
2021 నవంబర్: పాస్, 1,08,412. అడ్వైజరీ: అండర్‌సీల్ (తుప్పు పట్టకుండా అడుగున పూసే పూత) వల్ల కింద కొన్ని భాగాలు కనిపించలేదు
2022 నవంబర్: పాస్, 1,80,930
2023 నవంబర్: పాస్, 1,09,655
2024 నవంబర్: పాస్, 1,10,240

పదిహేడేళ్లలో ఒక్కటే ఫెయిల్, అదీ బ్రేక్ పైపు. వచ్చే శనివారం చూడటానికి వెళ్తున్నా. ఏమంటారు?

రెడింగ్_రెడ్డి · శనివారం 8:15

ఒక్క ఫెయిలేనా! మా పాత ఫోర్డ్ ఏడేళ్లలో నాలుగు సార్లు ఫెయిల్ అయింది. కళ్లు మూసుకుని తీసుకో బ్రో. డిఫెండర్ల రేటు తగ్గేది కాదు. 2016 జనవరిలో సోలిహల్‌లో పాత మోడల్ ఆపేసినప్పటి నుంచి ఉన్న వాటికే కొట్టుకుంటున్నారు.

కొండదారి · శనివారం 9:02

కళ్లు మూసుకుని కొనాల్సిన బండి కాదండీ ఇది. కళ్లు తెరుచుకుని, వీపు నేలకి ఆనించి పడుకుని చూసి కొనాల్సిన బండి.

2017, 2018 పక్కపక్కన పెట్టి చదవండి. 2014లో క్రాస్‌మెంబర్‌కి పైపై తుప్పు. 2015లో ఔట్‌రిగ్గర్ వచ్చి చేరింది. 2017కి రెండు ఔట్‌రిగ్గర్లు, ఛాసిస్ కూడా. అంటే జబ్బు ఏటేటా ముదురుతోంది. 2018లో హఠాత్తుగా ఏమీ లేదు! తుప్పు దానంతటది తగ్గే జ్వరం కాదు కదా. ఆ పన్నెండు నెలల్లో ఎవరో ఒకరు ఏదో ఒకటి చేశారు. కోసి, కొత్త ఇనుము పెట్టి వెల్డింగ్ చేసి ఉంటే బిల్లు ఉంటుంది. లేదంటే నల్ల అండర్‌సీల్ పూసేసి ఉంటారు. 2021లో టెస్టర్ రాసిన మాట చూడండి, "కొన్ని భాగాలు కనిపించలేదు" అని.

డిఫెండర్ బాడీ రేకులు అల్యూమినియం, కింద ఛాసిస్ మాత్రం ఉక్కు. అందుకే పైన ఎంత మెరిసినా దాన్ని బట్టి కింద సంగతి తెలీదు. పైన పటారం లోన లొటారం అనే మాట ఈ బండికే పుట్టిందేమో అనిపిస్తుంది నాకు.

అమ్మేవాళ్లని అడగాల్సింది ఒక్కటే: 2017 మే నుంచి 2018 మే మధ్య వెల్డింగ్ బిల్లు ఉందా?

మిల్టన్‌కీన్స్_మాధవి · శనివారం 9:30

కొత్తగా చదువుతున్నాను, తెలియక అడుగుతున్నా. ఔట్‌రిగ్గర్ అంటే ఏమిటి? అడ్వైజరీ అంటే ఫెయిల్ కాదా?

కొండదారి · శనివారం 9:48

మాధవి గారూ, ఛాసిస్ అంటే నిచ్చెనలా ఉంటుంది కదా, రెండు పొడవు పట్టీలు, మధ్యలో అడ్డ పట్టీలు. ఆ పొడవు పట్టీల నుంచి పక్కలకి చేతుల్లా బయటికి వచ్చి బాడీని మోసేవి ఔట్‌రిగ్గర్లు. అన్నిటికన్నా వెనక, టో బార్ బిగించే అడ్డ పట్టీ క్రాస్‌మెంబర్. వెనక చక్రాల నుంచి బురద, నీళ్లు, ఉప్పు వెళ్లి చేరేది అక్కడికే.

అడ్వైజరీ ఫెయిల్ కాదు. "ఇవాళ్టికి పర్లేదు, కనిపెట్టుకుని ఉండు" అని టెస్టర్ చెప్పడం. కొనేవాడికి పాస్, ఫెయిల్ కన్నా ఆ చిన్న అక్షరాలే ముఖ్యం.

రెడింగ్_రెడ్డి · శనివారం 10:10

2018 మేలో ఎంఓటీ రూల్స్ మారాయి కదా? లోపాలకి డేంజరస్, మేజర్, మైనర్ అని వచ్చింది అప్పుడే. అందుకే అడ్వైజరీలు పోయి ఉంటాయి. ఊరికే అనుమానం పెట్టుకోకండి.

స్పానర్_బాబాయ్ · శనివారం 10:55

నేను కోవెంట్రీలో ఎంఓటీ టెస్టర్‌ని. తొమ్మిదేళ్లుగా ఇదే పని.

రెడ్డి, రూల్స్ మారింది 2018 మే 20న. ఈ బండి టెస్ట్ మే 11న, పాత రూల్స్‌లోనే. పైగా కొత్త రూల్స్‌లో కూడా అడ్వైజరీలు ఉన్నాయి, రోజూ రాస్తూనే ఉన్నాను.

మా పని ఎంతవరకో చెప్తా, జనానికి దీని మీద చాలా అపోహలు. మేం ఏదీ విప్పకూడదు. సీటు తియ్యం, కార్పెట్ ఎత్తం, కింద ప్లాస్టిక్ కవర్లు ఊడదియ్యం. అండర్‌సీల్ గీకి చూడటం మా పని కాదు. తుప్పు చూడటానికి ఒక పనిముట్టు ఇస్తారు, దాంతో తట్టి, నొక్కి చూస్తాం. స్క్రూడ్రైవర్ పెట్టి పొడవడం కుదరదు. సస్పెన్షన్, స్టీరింగ్, బ్రేకులు, సీటు బెల్టులు బిగించిన చోటికి 30 సెంటీమీటర్ల లోపల లోహం బలహీనపడితే గట్టిగా పట్టుకుంటాం. దానికి బయట, మందంగా నల్ల పూత ఉన్న చోట, కింద ఏముందో మాకూ తెలియదు. "కనిపించలేదు" అని 2021లో రాసినవాడు నిజాయితీగా రాశాడు. మిగతా ఏళ్ల వాళ్లు అది కూడా రాయలేదు.

ఇంజిన్, క్లచ్, గేర్‌బాక్స్ పరిస్థితి ఎంఓటీలో చూడరు. టీడీ5లో ఇంజెక్టర్ వైరింగ్ గుండా ఆయిల్ పాకుతూ సీటు కింద ఉన్న ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) దాకా వస్తుంది. అక్కడ ఎర్ర ప్లగ్ ఉంటుంది, అది ఊడదీసి చూడు, లోపల నూనె ఉంటే వైరింగ్ మార్చాలి. పెద్ద ఖర్చేం కాదు, కానీ బేరానికి పనికొస్తుంది.

ఎంఓటీ ఫీజు 54.85 పౌండ్లు, అదీ గరిష్ఠంగా. ఆ డబ్బుకి బండి జాతకం మొత్తం చెప్పమంటే ఎలా బాబూ.

అబెర్డీన్_అబ్బాయి · శనివారం 11:20

ఆ 1,80,930 సంగతి ఎవరూ అడగరేం? మీటర్ వెనక్కి తిప్పారేమో?

స్పానర్_బాబాయ్ · శనివారం 11:31

అంకెలు జాగ్రత్తగా చూడు. ముందు ఏడు 1,08,412. తర్వాతి ఏడు 1,09,655. మధ్యలోది 1,08,930 అయితే సరిగ్గా సరిపోతుంది. 0, 8 తారుమారయ్యాయి. సాయంత్రం ఐదింటికి, అలసిన వేళ్లు. నేనూ చేశాను ఆ తప్పు. ఆ టెస్ట్ చేసినచోట అప్పుడే చెప్పి ఉంటే దిద్దేవాళ్లు, ఓనర్ చూసుకోలేదు.

మీటర్ తిప్పిన బండి అయితే వేరేగా ఉంటుంది: ఏటా పదేసి వేలు పెరుగుతూ వచ్చి, బండి చేతులు మారిన ఏడు తగ్గి, మళ్లీ అక్కడి నుంచి పెరుగుతూ పోతుంది.

అబెర్డీన్_అబ్బాయి · శనివారం 11:40

సరే బాబాయ్. మరి 2019 మే తర్వాత 2020 నవంబర్ దాకా ఎంఓటీ లేదు. ఏడాదిన్నర. ఇది?

కొండదారి · శనివారం 11:52

కోవిడ్. 2020 మార్చి 30 నుంచి జులై 31 మధ్య గడువు ముగిసే బండ్లకి ఆరు నెలలు పొడిగించారు. మేలో అయ్యేది నవంబర్‌కి వెళ్లింది. అందులో మతలబు లేదు.

నాకు వేరేది కనిపిస్తోంది. 2007 నుంచి 2014 దాకా ఏటా ఎనిమిది వేల మైళ్లు నడిచింది. 2018 నుంచి వెయ్యి కూడా లేదు. అంటే 2017 చివర్లోనో 2018 మొదట్లోనో చేతులు మారింది. రోజూ తిరిగిన బండి షెడ్డుకి చేరింది. ఆ ముందు ఓనర్ ఎక్కడివాడో తెలిస్తే బావుండేది.

స్పానర్_బాబాయ్ · శనివారం 12:05

తెలుసుకోవచ్చు. వీ5సీ లాగ్‌బుక్ (మన ఆర్సీ లాంటి రిజిస్ట్రేషన్ కాగితం) మీద 11 అంకెల డాక్యుమెంట్ నంబర్ ఉంటుంది. చరిత్ర చూసే పేజీలోనే అది కొడితే ఏ టెస్ట్ ఎక్కడ జరిగిందో కూడా చూపిస్తుంది. కానీ ఫోన్లో అడగొద్దు. ఆ నంబర్ ఎవరికీ చెప్పొద్దని అందరికీ చెప్పి చెప్పి ఉంటారు, మోసగాడివి అనుకుంటారు. ఇంటికి వెళ్లినప్పుడు లాగ్‌బుక్ చేతికి ఇస్తారుగా, వాళ్ల ముందే అడిగి ఫోన్లో కొట్టు.

ఇంకో మాట. లాగ్‌బుక్‌లో పేరుంటే ఓనర్ అని కాదు, రిజిస్టర్డ్ కీపర్ అనే అర్థం. ఫైనాన్స్ బాకీ ఉందా, దొంగిలించిన బండా, ఇన్సూరెన్స్ వాళ్లు రైటాఫ్ చేశారా (బాగు చేయించడం దండగ అని తేల్చారా) అనేవి ఎంఓటీ చరిత్రలో ఉండవు. వాటికి హెచ్‌పీఐ లాంటి చెక్ డబ్బు కట్టి చేయించు. డిఫెండర్లని దొంగలు బాగా ఎత్తుకుపోతున్నారు, ఛాసిస్ మీద కొట్టిన నంబర్ లాగ్‌బుక్‌లో నంబర్‌తో కలుస్తోందో లేదో నీ కళ్లతో చూసుకో. అక్కడ కొత్తగా రంగు వేసి ఉంటే ఇంకా దగ్గరగా చూడు.

స్లౌ_సుబ్బారావు · శనివారం 1:15

నా సలహా వేరు. సుజుకి జిమ్నీ తీసుకో. 1.3 పెట్రోల్, చిన్నది, కొండ ఎక్కుతుంది. నీ టీడీ5 వేసుకుని లండన్ వస్తే యూలెజ్ (పొగ ఎక్కువ వదిలే బండ్లకి వేసే రుసుము) రోజుకి 12.50 పౌండ్లు. బర్మింగ్‌హామ్ రింగ్ రోడ్డు లోపలికి వెళ్తే 8 పౌండ్లు. డీజిల్ బండి యూరో 6 కాలుష్య ప్రమాణానికి సరిపోతే తప్ప వదలరు, 2004 బండి దాని దరిదాపుల్లో ఉండదు. పెట్రోల్‌కి యూరో 4 చాలు.

లెస్టర్_కాకినాడ · శనివారం 1:40

బర్మింగ్‌హామ్ ఆఫీసుకి ట్రైన్‌లోనే వెళ్తాను సుబ్బారావు గారూ. ఇది పీక్ డిస్ట్రిక్ట్ మట్టి దారులకీ, ఆదివారానికీ మాత్రమే. జిమ్నీ కూడా చూశాను, నాకు ఆరడుగుల ఒక అంగుళం. మోకాళ్లు గడ్డానికి తగిలాయి.

స్లౌ_సుబ్బారావు · శనివారం 1:44

మంచిదైంది, వదిలెయ్. పాత జిమ్నీకీ తుప్పు తక్కువేం కాదు, వెనక చక్రాల పైనా, బాడీ బిగించే చోట్లా తినేస్తుంది. ఎక్కడికెళ్లినా ఈ దేశంలో చలికాలం రోడ్డు మీద మంచు గడ్డకట్టకుండా చల్లే ఉప్పే. చెషైర్‌లో విన్స్‌ఫర్డ్ ఉప్పు గని తవ్వుతూనే ఉంటుంది, మన బండ్లు కరుగుతూనే ఉంటాయి.

జిప్సీ_బోడుప్పల్ · శనివారం 2:30

అన్నలూ, మీ ముచ్చట చూస్తుంటే కుళ్లు పుడుతోంది. పదిహేడేళ్ల చరిత్ర పైసా ఖర్చు లేకుండా! ఇక్కడ హైదరాబాద్‌లో జిప్సీ కొందామని తిరుగుతున్నా. ప్రైవేటు బండికి రిజిస్ట్రేషన్ అయిన 15 ఏళ్ల దాకా ఫిట్‌నెస్ అడిగే దిక్కే లేదు. ఎంపరివాహన్ యాప్‌లో నంబర్ కొడితే ఇన్సూరెన్స్, పొల్యూషన్, ఫిట్‌నెస్ ఎప్పటి దాకా ఉన్నాయో చూపిస్తది, ఫైనాన్స్ ఉంటే చూపిస్తది. గంతే. కింద తుప్పు ఉందా లేదా దేవుడికెరుక. మిలిటరీ వేలంలో వచ్చిన బండి ఒకటి చూసిన, ఆర్సీ చూస్తే కొత్తదే అనిపించింది.

గుంటూరు_గేర్ · శనివారం 3:05

తమ్ముడూ, ఆర్సీలో రిజిస్ట్రేషన్ తేదీ ఒకటి, తయారైన నెల ఒకటి ఉంటాయి. మిలిటరీ నుంచి వచ్చిన బండికి ఆ రెండిటి మధ్య చాలా ఏళ్లు తేడా ఉండొచ్చు. నువ్వు చూడాల్సింది తయారైన నెల. ఛాసిస్ నంబర్ మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ముద్ర తీసుకో, ఆర్సీతో కలిపి చూడు, ఒక్క అంకె వంకరగా వచ్చినా దండం పెట్టి వచ్చెయ్.

15 ఏళ్లు దాటి ఐదేళ్లకి రెన్యువల్ అయిన బండి అయితే, ఆ ఫిట్‌నెస్ ఎప్పుడు చేయించారో అడుగు. నేను 2009 జిప్సీ కొన్నప్పుడు యాప్‌లో ఫిట్‌నెస్ ఇంకా మూడేళ్లుందని మురిసిపోయా. ఇంటికి తెచ్చి కార్పెట్ లేపితే డ్రైవర్ కాళ్ల కింద నుంచి రోడ్డు కనిపించింది. పెద్ద టైర్లు, ఇనుప బంపర్ వేసిన బండితో కూడా జాగ్రత్త. కంపెనీ ఇచ్చిన రూపం మార్చకూడదని 2019లో సుప్రీం కోర్టు చెప్పింది, రెన్యువల్‌కి వెళ్లినప్పుడు అవన్నీ విప్పించే పని నీ నెత్తిన పడుతుంది.

నిర్వాహకులు · శనివారం 3:20

జిప్సీ సంగతికి విడిగా ఒక చర్చ మొదలుపెట్టండి దయచేసి. ఇక్కడ డిఫెండరే నడవనివ్వండి.

జిప్సీ_బోడుప్పల్ · శనివారం 3:22

సరే సార్. గుంటూరు అన్నా, అక్కడ కలుద్దాం.

లెస్టర్_కాకినాడ · ఆదివారం సాయంత్రం 6:10

ఫోన్ చేసి అడిగాను. పెద్దాయన, మర్యాదగానే మాట్లాడారు. 2017 చివర్లో కొన్నారట. "కొన్న వెంటనే కింద అంతా శుభ్రం చేయించి అండర్‌సీల్ వేయించాను, అప్పటి నుంచి ఏ సమస్యా లేదు" అన్నారు. వెల్డింగ్ బిల్లు అడిగితే, వెల్డింగ్ అవసరం పడలేదు అన్నారు. దగ్గర్లో ర్యాంప్ (బండిని పైకెత్తే యంత్రం) ఉన్న గ్యారేజ్‌కి తీసుకెళ్లి చూపించుకోవచ్చా అంటే ఒప్పుకున్నారు.

కొండదారి · ఆదివారం 6:35

ర్యాంప్‌కి ఒప్పుకున్నారంటే మంచి మనిషే. ఆయనకీ తెలియకపోవచ్చు. పాత బట్టలు, టార్చ్, చిన్న సుత్తి పట్టుకెళ్లండి. తట్టే ముందు ఆయన్ని అడగండి. వర్షం రోజైతే ఇంకా మంచిది, పైకప్పు అంచుల్లో నీళ్లు ఎక్కడ కారుతున్నాయో తెలుస్తుంది. చేరగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వేడిగా ఉంటే మీరు వచ్చేలోపే స్టార్ట్ చేసి పెట్టారన్నమాట. చల్లటి ఇంజిన్ స్టార్ట్ అవడం చూడాలి.

లెస్టర్_కాకినాడ · తర్వాతి శనివారం, రాత్రి 9:25

వెళ్లొచ్చాను. కాస్త పొడుగ్గా రాస్తున్నా, ఓపిక పట్టండి.

ఇంజిన్ చల్లగా ఉంది, ఒక్క తిప్పుకే అందుకుంది. ఎర్ర ప్లగ్ తీసి చూస్తే పొడిగా ఉంది (థాంక్స్ బాబాయ్). ఛాసిస్ నంబర్ సరిపోయింది. టీ ఇచ్చారు. వంటింటి బల్ల మీద లాగ్‌బుక్ పెట్టారు. వాళ్ల ముందే అడిగి 11 అంకెలు కొట్టాను.

2018 నుంచి టెస్టులన్నీ డెర్బీ పక్కనే. 2007 నుంచి 2017 దాకా, పదకొండు ఏళ్లూ, విట్బీ.

విట్బీ ఎక్కడో మీలో చాలామందికి తెలుసు. సముద్రపు ఒడ్డు. పెద్దాయన్ని అడిగాను, ముందు ఓనర్ ఏం చేసేవారని. "ఏదో చిన్న పడవ ఉండేదనుకుంటా" అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖంలో కూడా ఏదో మారింది. నాకు మాత్రం కాకినాడ రేవులో చిన్నప్పుడు చూసిన లారీలు గుర్తొచ్చాయి, చేపల బుట్టలు మోసి మోసి డోర్ల కింద అంచులు జల్లెడలా అయిపోయేవి.

రెండు మైళ్ల దూరంలో గ్యారేజ్. అరగంట ర్యాంప్‌కి 40 పౌండ్లు ఇచ్చాను. బండి పైకి లేచింది. మెకానిక్ ఛాసిస్ మధ్య పట్టీ మీద సుత్తితో తట్టాడు, గుడి గంటలా కాకపోయినా టంగుమని మోగింది. అలా తడుతూ వెనక్కి వెళ్లాడు. టంగ్, టంగ్, టంగ్. క్రాస్‌మెంబర్ దగ్గరికి వచ్చేసరికి డబ్. తడిసిన అట్టపెట్టె మీద కొట్టినట్టు. ఇంకోసారి తట్టాడు. నీళ్లు పోవడానికి కింద ఉండే రంధ్రంలోంచి సన్నగా ఏదో రాలింది. అరచేయి పెట్టాను.

ఇసుక. డెర్బీలో, సముద్రానికి ఎంతో దూరంలో, ఏడేళ్ల తర్వాత, నా అరచేతిలో ఇసుక, దాంతోపాటు టీ పొడి రంగులో తుప్పు రజను.

ఎడమ ఔట్‌రిగ్గర్ మీద అండర్‌సీల్ ఒకచోట పొంగి ఉంది. పెద్దాయన అనుమతితో మెకానిక్ గోరుతో లాగాడు, చల్లారిన గారె మీద పెచ్చులా ఊడొచ్చింది. కింద ఒక రేకు ముక్క. నాలుగు మూలలా నాలుగు వెల్డింగ్ చుక్కలు, చుట్టూ గ్యాప్‌లో ఏదో మెత్తటి సీలెంట్. వెల్డింగ్ అవసరం పడలేదని ఆయన అన్నది అబద్ధం అనుకోను. ఆయనకి ముందో, అండర్‌సీల్ వేసినవాళ్లో చేసి ఉంటారు. ఆయన మొహం చూస్తే నాకన్నా ఆయనే ఎక్కువ కుంగిపోయినట్టున్నారు.

క్రాస్‌మెంబర్, ఔట్‌రిగ్గర్లు మార్చాలంటే సుమారు రెండు వేలు, లోపల ఇంకా ఏముందో కోసి చూస్తే గానీ తెలియదు అన్నాడు మెకానిక్. నేను 10,000 ఇస్తానన్నాను. 12 కి తగ్గనన్నారు. చెయ్యి కలిపి వచ్చేశాను. దారి పొడవునా మా ఆవిడ ఒక్క మాట మాట్లాడలేదు. అదే ఎక్కువ భయం వేసింది.

స్పానర్_బాబాయ్ · శనివారం రాత్రి 9:50

మూలల్లో నాలుగు చుక్కలు! బరువు మోసే చోట అతుకు వేస్తే చుట్టూ తెగకుండా వెల్డ్ చెయ్యాలి. అది నాకు కనిపించి ఉంటే అక్కడికక్కడ ఫెయిల్. కనిపించకుండా ఉండటానికే ఆ నల్ల పూత.

పడవ ట్రైలర్‌ని నీళ్లలోకి దింపేటప్పుడు బండి వెనక భాగం ఉప్పు నీళ్లలో మునుగుతుంది. తర్వాత పైపు పెట్టి లోపల కడగాలి. ఎవరు కడుగుతారు? తడి ఇసుక లోపల కూర్చుంది, మీదనుంచి పెద్దాయన అండర్‌సీల్ వేయించి మూత పెట్టాడు. పాపం, మంచి చెయ్యబోయి తేమని లోపల బంధించాడు.

రెడింగ్_రెడ్డి · శనివారం రాత్రి 10:05

నా "కళ్లు మూసుకుని" వెనక్కి తీసుకుంటున్నా బ్రో. సారీ.

మిల్టన్‌కీన్స్_మాధవి · శనివారం రాత్రి 10:20

నేను ఇది చదివి మా కారు చరిత్ర చూశాను. మూడేళ్లుగా అదే అడ్వైజరీ, వెనక టైర్ల లోపలి అంచు అరిగిందని. మా వారు ఒక్కసారి కూడా చెప్పలేదు!

లెస్టర్_కాకినాడ · మూడు వారాల తర్వాత, బుధవారం 8:30

ఇంకొకటి దొరికింది. 2005 డిఫెండర్ 90, ఇదీ టీడీ5, ష్రాప్‌షైర్‌లో. 11,800. దీని చరిత్ర చూస్తే ఎవరైనా పారిపోతారు. 2012 ఫెయిల్, 2016 ఫెయిల్, 2021లో ఘోరంగా ఫెయిల్: క్రాస్‌మెంబర్ తుప్పు, రెండు ఔట్‌రిగ్గర్లు, వెనక షాక్ అబ్జార్బర్ లీకు, అన్నీ మేజర్లు. ఆరు వారాల తర్వాత పాస్. మైలేజ్ 1,32,000 దాటింది. మా ఆవిడ స్క్రీన్ మీద ఎరుపు రంగు చూసి "దీన్నా?" అంది.

కొండదారి · బుధవారం 8:47

ఆ ఆరు వారాల్లో ఏం చేశారో కాగితం ఉందా?

లెస్టర్_కాకినాడ · బుధవారం 8:52

లావుపాటి ఫైలు ఉందట. అమ్మే ఆవిడ ఫోటోలు పంపారు. పాత క్రాస్‌మెంబర్ కోసేసిన ఫోటో, జింక్ పూత ఉన్న కొత్తది వెల్డ్ చేస్తున్న ఫోటో, బిల్లు. 2016 ఫెయిల్‌కి బ్రేక్ పైపుల బిల్లు. 2012కి స్టీరింగ్ బాల్ జాయింట్ బిల్లు. 2022 నుంచి అడ్వైజరీలు వస్తున్నాయి, కానీ ఈ ఏడు వచ్చింది వచ్చే ఏడు లేదంటే ఫైల్లో దానికో రసీదు ఉంది. కింద నల్ల పూత లేదు, మైనం లాంటిది పల్చగా కొట్టారు, ఇనుము కనిపిస్తోంది.

స్పానర్_బాబాయ్ · బుధవారం 9:15

నేనైతే మొదటిదానికి 8,000 ఇవ్వను, దీనికి అడిగినంత ఇస్తాను. అది ఫెయిల్ అయింది, ఆవిడ బాగు చేయించింది, కాగితం దాచింది. ఇంకేం కావాలి? మళ్లీ ర్యాంప్ మాత్రం ఎక్కించు. శుక్రవారం నాకు సెలవు, పెట్రోల్ పోయిస్తే నేనూ వస్తా.

లెస్టర్_కాకినాడ · ఆదివారం 7:05

కొన్నాం. 11,400కి తెగింది. బాబాయ్ వచ్చారు, ర్యాంప్ కింద ఇరవై నిమిషాలు తట్టారు, అంతా టంగుమనే మోగింది. కుడి వైపు బల్క్‌హెడ్ (ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడ) దిగువన కాళ్లు పెట్టే చోట చిన్న తుప్పు ఉందని చూపించారు, దానికే 400 తగ్గింది. రోడ్ ట్యాక్స్ పాత ఓనర్‌ది మనకి రాదు కాబట్టి అక్కడే నిలబడి ఫోన్లో కట్టేశాను. లాగ్‌బుక్‌లో కొత్త కీపర్‌కి చింపి ఇచ్చే పచ్చ చీటీ చేతికొచ్చింది.

ఎం6 ఎక్కగానే వర్షం. స్టాఫర్డ్ దగ్గర మా ఆవిడ ఎడమ మోకాలి మీద చుక్క పడింది. తర్వాత ఇంకొకటి. లెస్టర్ వచ్చేదాకా లెక్కపెట్టింది, నలభై మూడు. బాబాయ్, ఇది ఎంఓటీలో చూస్తారా?

స్పానర్_బాబాయ్ · ఆదివారం 7:20

చూడం. గొడుగు పెట్టుకోమను.